నమూనాలా ఉండాలి డెమో రీల్

సూరత్ రింగ్ రోడ్ వెంట బారులు తీరిన వస్త్ర మార్కెట్లలో బేరం నమూనాతో మొదలవుతుంది. దూరం నుంచి వచ్చిన వ్యాపారి ఓ ముక్కను చేత్తో తడిమి చూసి వందల చీరలకు ఆర్డరు ఇస్తాడు. తర్వాత చేరిన సరుకు ఆ ముక్కలా లేకపోతే మూట వెనక్కి వెళ్తుంది, మళ్లీ ఆర్డరు రాదు. వాయిస్ ఓవర్ రంగంలో డెమో రీల్ కూడా అలాంటి ముక్కే. నిమిషం, నిమిషంన్నర నిడివి ఉన్న ఆ రికార్డింగు విని ప్రకటనకో, పాఠానికో గొంతును ఎంచుకుంటారు. కాబట్టి అది గొప్పగా ఉండటం కన్నా, మళ్లీ అలాగే చేసి చూపగలిగేదిగా ఉండటం ముఖ్యం. ప్రయోగశాల ఫలితానికి వర్తించే నియమమే దీనికీ వర్తిస్తుంది: మరోసారి చేసినా అదే రావాలి.

కొత్తవారు పొరబడేది ఇక్కడే. అప్పు చేసైనా అద్దె స్టూడియోలో రికార్డు చేసి, మెరుగులు దిద్దించి రీల్ తయారు చేసుకుంటారు. పని వచ్చాక మాత్రం ఇంటి గదిలో, ఫ్యాను చప్పుడు మధ్య చదువుతారు. రెండింటికీ పొంతన ఉండదు. ఖరీదైన మైకు కొంటే ఈ తేడా పోతుందనుకోవడం మరో భ్రమ. సున్నితమైన మైకు గొంతుతో పాటు గది లోపాలనూ పట్టిస్తుంది. డబ్బు పెట్టాల్సింది ముందు గది మీద, ఆ తర్వాతే మైకు మీద.

దీనికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. మాట నేరుగా మైకుకు చేరాక, గోడకు, నేలకు తగిలిన అదే మాట కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా మళ్లీ చేరుతుంది. రెండూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు బలపడి, కొన్ని తగ్గిపోయి, డబ్బాలోంచి మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఒకసారి రికార్డయ్యాక ఈ ప్రతిధ్వనిని పూర్తిగా తీసేయడం కష్టం. మైకుకు దగ్గరగా జరగడం ఒక ఉపాయం. దూరం సగమైతే నేరుగా వచ్చే ధ్వని స్థాయి దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని మాత్రం పెద్దగా మారదు. జానెడు దూరంలో, మైకుకు కాస్త పక్కగా తిరిగి చదివితే ‘ప’, ‘భ’ వంటి అక్షరాల గాలి దెబ్బ కూడా తగలదు.

ఇక గుడ్డ విషయానికి వస్తే, సూరత్‌లో దానికి కొదవ లేదు. మందపాటి దుప్పట్లు, మడతలు పడేలా వేలాడదీసిన పరదాలు, బట్టలతో నిండిన అల్మారా ధ్వనిని పీల్చుకుంటాయి. పోగుల సందుల్లో గాలి కదలికకు ఘర్షణ ఎదురై ఆ శక్తి కొద్దిపాటి వేడిగా మారుతుంది. పలచని సింథటిక్ చీర ఇందుకు పనికిరాదు. దుప్పటికీ హద్దుంది. 3,400 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్ ధ్వనిది దాదాపు 3.4 మీటర్లు. మొదటిదాన్ని దుప్పటి చాలావరకు పీల్చుకుంటుంది, రెండోదానికి అది ఉన్నా లేనట్టే. బయటి లారీల గుడగుడను, మరమగ్గాల దరువును ఆపాలంటే బరువైన గోడలు, సందుల్లేని తలుపులు కావాలి. అవి లేనివారు రొద తగ్గే వేళ చూసుకుని పని చేయాల్సిందే.

గొంతు విషయంలోనూ నమూనా సూత్రమే పాటించాలి. మనిషి తన మాటను గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా వింటాడు. ఎముకలు తక్కువ పౌనఃపున్యాలను బాగా చేరవేస్తాయి. అందుకే రికార్డింగులో సొంత గొంతు పలచగా, పరాయిదిలా అనిపిస్తుంది. ఆ అసంతృప్తితో గొంతును బలవంతంగా బరువు చేస్తే పది నిమిషాల పాఠం చదివేసరికి అది అలసిపోతుంది.

యాసను దాచుకోవడమూ అలాంటిదే. తెలంగాణ జిల్లాల నుంచి నేత పనికి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ వింటూ పెరుగుతారు. మూడు భాషలు సహజంగా పలికే గొంతుకు విలువ ఉంది. ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ తేడా తెలిసేలా పలికితే చాలు, యాస లోపం కాదు. ఆరోగ్య సందేశం తన యాసలో వినిపిస్తే వినేవారు దాన్ని తమ మాటగా తీసుకుంటారు.

రీల్‌లో ఓ ప్రకటన, ఓ కథనం, ఓ విజ్ఞాన పాఠం, ఓ సంభాషణ, ఒక్కొక్కటి 15 నుంచి 20 సెకన్లు ఉంటే సరిపోతుంది. బాగా వచ్చింది ముందుండాలి. చేయని ప్రకటనను చేసినట్టు చూపకుండా సొంతంగా రాసుకున్న మాటలు చదవాలి. వారం తర్వాత అదే గదిలో అదే పేరా చదివి రెండింటినీ పోల్చి వినాలి. పది సెకన్ల నిశ్శబ్దాన్నీ రికార్డు చేసి చూడాలి. ఆడియో పుస్తకాల వేదిక ఏసీఎక్స్ నేపథ్య రొద మైనస్ 60 డెసిబెల్స్ మించకూడదంటుంది. కొత్తవారికి అది మంచి కొలబద్ద.

నిజాయితీ అవతలి పక్షానికీ ఉండాలి. చిన్న రికార్డింగు నుంచే గొంతును అనుకరించే కృత్రిమ మేధ సాధనాలు వచ్చాయి. 2022లో గాంధీనగర్‌లో ప్రారంభమైన భాషిణి వంటి ప్రభుత్వ వేదికలకు భారతీయ భాషల గొంతులు అవసరమే. అయితే ఎవరికైనా ఆ గొంతు అనుమతితోనే అందాలి. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా అనుకరించకుండా 2024లో బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. పేరున్నవారికి కోర్టు మెట్లెక్కే స్తోమత ఉంటుంది, కొత్తవారికి ఉండదు. కాబట్టి రికార్డింగును ఎక్కడ, ఎంతకాలం వాడతారో, యంత్రాలకు శిక్షణ ఇవ్వడానికి వాడతారో లేదో మొదటి ఒప్పందంలోనే రాయించుకోవాలి. అది రాసివ్వని వారికి నమూనా వినిపించవచ్చు కానీ, సరుకు అప్పగించకూడదు.