మత్తు దిగేవేళ ఏ పేరుతో పిలుస్తున్నాం?

ఆపరేషన్ ఎలా జరిగిందని అందరూ అడుగుతారు. మత్తు ఎలా దిగిందని అడిగేవాళ్లు తక్కువ. థియేటర్ పక్క గదిలో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. శ్రీకాకుళం, విజయనగరం ఆస్పత్రులకు ఒక మనవి చేస్తున్నాను.

ఆపరేషన్ పూర్తవగానే మత్తు డాక్టరు గ్యాసు ఆపుతారు. మందు ఊపిరితో కొంచెం కొంచెంగా బయటికి పోతుంది. కండరాలు సడలడానికి ఇచ్చిన మందుకు విరుగుడు వేస్తారు. ఆ మీదట మనిషిని తెలివిలోకి తేవడానికి తోడ్పడేవి మాట, స్పర్శ. "కళ్లు తెరువు, నాలుక బయటపెట్టు, నా చెయ్యి గట్టిగా పట్టుకో" అని మేం అడిగేది అందుకే.

ఒకసారి ఒక ముసలమ్మను కేసు షీటులో ఉన్న పేరుతో ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. ఆక్సిజన్, బీపీ, షుగర్ అన్నీ సరిగానే ఉన్నాయి. డాక్టరు గారి అనుమతితో కూతుర్ని లోపలికి రానిచ్చాం. ఆమె చెవి దగ్గరకు వంగి, "అమ్మా, నానొచ్చేను, లెగు" అంది. రెప్పలు కదిలాయి. చెయ్యి తడుముకుంటూ వెళ్లి కూతురి గాజులు పట్టుకుంది.

అలవాటైన పిలుపు, గొంతు తోడ్పడటం ఈ ఒక్క తల్లి కథే కాదు. సొంత పేరు వినిపిస్తే రోగులు త్వరగా కళ్లు తెరుస్తున్నారని దక్షిణ కొరియా డాక్టర్లు 2017లో పరీక్షించి చెప్పారు. మత్తు దిగేటప్పుడు గింజుకుని ఏడ్చే పిల్లల్లో, రికార్డు చేసిన అమ్మ గొంతు ఆ కలవరాన్ని తగ్గించిందని కూడా అక్కడే తేలింది. దీనికి ఫోను చాలు, ఖర్చు లేదు.

ముసలివాళ్ల సంగతి మరీ ముఖ్యం. కళ్లద్దాలు, వినికిడి మిషను థియేటరుకు ముందే తీసి ఇంటివాళ్ల చేతికిస్తాం. మెలకువ వచ్చేసరికి అవి వరండాలో ఎవరి సంచిలోనో ఉంటాయి. చూపు ఆనక, మాట వినపడక పెద్దాయన కంగారు పడి సెలైను గొట్టం పీకేస్తే "మతి చలించింది" అంటాం. ముందు ఆ మిషను తెచ్చి చెవిలో పెట్టాలి.

భాష కూడా అంతే. సీతంపేట కొండల నుంచి సవర గిరిజనులు వస్తారు, ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడియా మాట్లాడేవాళ్లు వస్తారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ చుట్టుపక్కలే పాటుపడ్డారు. సగం మత్తులో ఉన్న మనిషికి తన భాష ఇంకెంత అవసరం!

పిలుపు మందుకు బదులు కాదు. రోగి ఎంతకీ లేవకపోతే ఆక్సిజన్, షుగర్, ఒంటి వేడి చూసి కారణం పట్టుకోవాల్సింది డాక్టరే. చెంపలు చరిచి, అరిచి లేపడం మాత్రం మానాలి.

కేసు షీటులో రెండు గడులు చేర్చండి: ఇంట్లో పిలిచే పేరు, మాట్లాడే భాష. మెలకువ వచ్చే వేళకు ఇంటివాళ్లలో ఒకరిని చేతులు కడిగించి మంచం పక్కకు రానివ్వండి. 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీ, శ్రీకాకుళం పెద్దాసుపత్రి తమ విద్యార్థులకు ఈ అలవాటు ఇప్పుడే నేర్పాలి. తమవాళ్లను ఆపరేషనుకు పంపే ప్రతి కుటుంబమూ వాళ్ల పిలుపు పేరు నర్సుకు ముందే చెప్పాలి.