చీటీ చెప్పినదే వేదమా?

వేసవి సెలవులకును సంక్రాంతికిని పాయకరావుపేట ఇళ్ళు బంధువులతో నిండుతవి. హైదరాబాదు నుండి, బెంగుళూరు నుండి, సముద్రాలకు ఆవలి దేశాల నుండి వచ్చేవారు తునిలో రైలు దిగి, తాండవ నది మీది వంతెన దాటి ఇల్లు చేరుకుంటారు. వారు తెచ్చే పెట్టెలలో మిఠాయిలతోపాటు ఇటీవల ఒక ఆట కూడ కానవస్తున్నది. ఒక బోర్డు, ఒక పాచిక, కొన్ని పావులు, వందలకొద్ది చీటీలు. చీటీకి ఒకవైపు ప్రశ్నలు, మరొకవైపు జవాబులు. రాత్రి భోజనాలైన తరువాత చాప పరచుకొని, పిల్లలు పెద్దలు జట్లుగా విడిపోయి ఈ ఆటకు కూర్చుంటారు. ఒకరు చీటీ చదువుతారు, మరొకరు జవాబు చెబుతారు, చీటీ తిరగవేసి చూస్తారు. అందులో ఉన్న మాటే చెప్పితే గెలుపు, లేకున్న ఓటమి.

దీనిని కాలహరణమని కొట్టివేసేవారితో నేను ఏకీభవించను. ఒకే ఇంటిలో నలుగురు నాలుగు తెరల వైపు చూస్తూ కూర్చునే రోజులలో, పదిమందిని ఒక చాప మీదికి చేర్చే ఏ ఆటనైనను ఆదరించవలసిందే. నా అభ్యంతరం ఆట మీద కాదు, ఆ చీటీ మీద.

ఈ తరహా పెట్టె ఆటలకు ప్రసిద్ధి తెచ్చినది ‘ట్రివియల్ పర్స్యూట్’. క్రిస్ హేనీ, స్కాట్ ఆబట్ అనే ఇద్దరు కెనడా పత్రికా రచయితలు 1979లో మాంట్రియాల్ నగరంలో దీనిని కల్పించారు. అక్షరాల ఆట ఆడబోగా కొన్ని బిళ్ళలు కానరాకపోయేసరికి, మనమే ఒక ఆట ఎందుకు కల్పించరాదు అనుకొన్నారట. 1981లో అది అంగళ్ళకు వచ్చినది. 1984లో ఒక్క ఉత్తర అమెరికాలోనే రెండు కోట్ల పెట్టెలు అమ్ముడైనవి. భూగోళం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం, కళాసాహిత్యాలు, వినోదం, క్రీడలు అని ఆరు శాఖలు, ఆరు రంగులు. ఆరింటిలోను ఒక్కొక్క ముక్క సంపాదించి బోర్డు నడుమకు చేరినవాడికి చివరి ప్రశ్న ఏ శాఖలో వేయవలెనో ఎదుటివారే నిర్ణయిస్తారు. ఈ నిబంధన నాకు చాల నచ్చినది. బావగారికి ఏమి తెలియదో తెలిసి ఉంటేనేగాని బావమరది గెలవలేడు!

ప్రశ్న వేసి ఓడించే వినోదం మనకు కొత్తది కాదు. అవధాన సభలో పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుండి ప్రశ్నలు సంధిస్తారు. ఇంటిలో పొడుపు కథలున్నవి. పొడుపు కథ గొప్పతనం ఏమిటంటే, జవాబు ఎప్పుడును కంటి ఎదుటనే ఉంటుంది: కొబ్బరికాయ, దీపం, ఉల్లిపాయ, నీడ. వ్రాలు చేయడం కూడ రాని మామ్మగారు పొడుపు వేస్తే, పట్టణంలో పెద్ద చదువులు చదివిన మనుమడు తల గోకుకొంటాడు. వైకుంఠపాళిలో ఈ తారతమ్యమే లేదు. గవ్వలు ఎట్లా పడితే అట్లా నిచ్చెన ఎక్కడమో, పాము నోట పడడమో తప్ప, అక్కడ పండితుడికిని పసివాడికిని భేదం లేదు.

పెట్టె ఆట వచ్చేసరికి కథ మారుతుంది. అమెరికా బేస్‌బాల్ ఆటగాడెవరు, ఫలాని ఆంగ్ల చలనచిత్రంలో నాయిక ఎవరు అని చీటీలు అడుగుతవి. రెండు ప్రశ్నలు కాగానే మామ్మగారు "నాకేం తెలుసర్రా, మీరాడుకోండి" అని గోడకు చేరగిలబడుతుంది. తాండవ పొంగినప్పుడు నీరు ఎంతవరకు వచ్చినదో ఆమెకు తెలుసును. పడుగుకు పెట్టే గంజి ఏ పదును మీద ఉండవలెనో, తమలపాకు ముదురో లేతో వేలితో తాకి ఎట్లా చెప్పవచ్చునో తెలుసును. ఆ పెట్టెలో వీటికి రంగు లేదు, చీటీ లేదు. ఏది తెలిస్తే తెలివియో ఎక్కడో ఎవరో నిర్ణయించి అచ్చువేసి పంపగా, ఆమె తన ఇంటిలోనే ఏమీ తెలియనిదై కూర్చున్నది. ఆ ప్రక్కనే కూర్చున్న పదేళ్ళ పిల్ల దానిని చూస్తున్నది. పిల్ల ఆ రాత్రి నేర్చుకొన్నది బేస్‌బాల్ ఆటగాడి పేరు మాత్రమే కాదు.

పోనీ, ఆ అచ్చు జవాబైనా అంత నమ్మదగినదా? అమెరికా టెలివిజన్‌లో కొలంబో అనే అపరాధ పరిశోధకుడి ధారావాహిక ఒకటి ఉండేది. ఫ్రెడ్ వర్త్ అనే ఆయన చిల్లర సంగతులతో ఒక విజ్ఞాన సర్వస్వం కూర్చి, తన పుస్తకాన్ని ఎవరైనా దొంగిలిస్తే పట్టుకొనేందుకు అందులో ఒక అబద్ధాన్ని వలగా పన్నినాడు: కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని. కొన్నాళ్ళకు ఆ ‘ఫిలిప్’ ట్రివియల్ పర్స్యూట్ చీటీలో సత్యమై వెలసినది! వర్త్ 1984లో ముప్పై కోట్ల డాలర్లకు దావా వేసినాడు. యథార్థ విషయాలు ఏ ఒక్కరి సొత్తును కావని న్యాయస్థానాలు దానిని కొట్టివేసినవి. దావా సంగతి అట్లా ఉంచండి. ఆ చీటీ వచ్చిన ప్రతి ఇంటిలోను ‘ఫిలిప్’ అన్నవాడు గెలిచినాడు. నాటకం శ్రద్ధగా చూచి ‘ఆ పేరు చెప్పనే లేదే’ అన్నవాడు ఓడినాడు.

అంత దూరం పోనక్కర లేదు. పాయకరావుపేట ఏ జిల్లాలో ఉన్నది? 2022 ఏప్రిల్ 4కు ముందు అచ్చయిన చీటీ విశాఖపట్నం అంటుంది. ఆనాటి నుండి అది అనకాపల్లి జిల్లా. వంతెన ఆవలి తుని తూర్పు గోదావరి నుండి అదే రోజున కాకినాడ జిల్లాకు పోయినది. ఈ ప్రక్క నుండి పోయే చెన్నై–కలకత్తా రహదారి నెంబరు ఎంత? పాత లారీ డ్రైవరు 5 అంటాడు, నేటి పిల్లవాడు 16 అంటాడు. 2010లో నెంబర్లు మార్చినారు గనుక ఇద్దరూ అబద్ధమాడలేదు. ఆంధ్రుల రాజధాని ఏది అంటే తాతగారు కర్నూలు అనవచ్చును, 1953 మాట. తండ్రి హైదరాబాదు అనవచ్చును, 1956 తరువాతి మాట. గ్రహాలు తొమ్మిదని 2006 వరకు ప్రతి బడిలోను చెప్పినారు. ప్రతి జవాబుకును ఒక తేదీ ఉన్నది. చీటీ మీద అది ఉండదు.

ఉపాధ్యాయులతో నాకు పని ఉన్నది ఇక్కడనే. దేశంలో బహిరంగ క్విజ్‌కు 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ నాంది పలికినాడు. తరువాత రేడియో, టెలివిజన్ దానిని పెంచినవి. 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’తో అది తెలుగు ఇళ్ళలోనికి కోటి రూపాయల ఆశతో వచ్చినది. పోటీలో నిర్ణేత మాటకు తిరుగుండరాదు, కాలం చాలదు గనుక. తరగతిలోను ‘బిట్టు’ ప్రశ్నలకు ఒక్క మాట జవాబు చాలునంటున్నాము. ఇంటి చాప మీద అట్టి తొందర ఏమున్నది? ‘నీకెట్లా తెలుసు?’ అని పిల్లవాడు అడగగల చోటు అదొక్కటే మిగిలినది. దానిని కూడ చీటీకి అప్పగిస్తే ఇక అతడు ఎక్కడ అడుగుతాడు?

కనుక ఈ సెలవులలో పెట్టె ఆట ఆడనీయండి, కాని ఖాళీ చీటీలు కొన్ని కత్తిరించి పిల్లల చేతికీయండి. ఇంటిలోని ప్రతి మనిషి నుండి, ముఖ్యంగా ఆటలో ఓడిపోయేవారి నుండి, రెండేసి ప్రశ్నలు అడిగి వ్రాసుకొని రమ్మనండి. జవాబుతోపాటు అది ఎవరు చెప్పినారో, ఎప్పటి మాటయో వెనుక వ్రాయవలెను. ఒక నిబంధన కూడ చేర్చండి: చీటీ తప్పని ఎవరైనా నిరూపిస్తే ఆ ముక్క నిరూపించినవారిదే. తగవులు వస్తవంటారా? తప్పక వస్తవి. ఎవరు ముందు పెండ్లికి రాలేదన్న తగవు కంటె, వరద ఏ సంవత్సరం వచ్చినదన్న తగవు ఇంటికి మేలు. అరచేతి ఫోనులో చూచి తేల్చవచ్చుననే తొందరపాటువారు ఉంటారు. ఫోనును కూడ ఒక చీటీగానే ఎంచి, అక్కడ వ్రాసినవారెవరని అడగవచ్చును.

కొందరు ఉపాధ్యాయులకు ఇది అదనపు శ్రమగా తోచవచ్చును. నలభై మంది పిల్లలు మనిషికి నాలుగు చీటీలు తెస్తే నూట అరవై. బోర్డుకు పాత క్యాలెండరు వెనుకవైపు చాలును. పాయకరావుపేట జిల్లా పేరు ఉన్న చీటీని మాత్రం సిరాతో కాక పెన్సిలుతో వ్రాయించండి.