గడచిన దినములకు ఫోను చేయగలిగితే

మన ఇల్లు – మన సంఘము



"సంఘ కాపరి సినిమా గురించి వ్రాయుట ఏమిటి?" అని కొందరు పెద్దలు అడుగుతారు. అడగవలసినదే. కాని ఇప్పుడు మన పిల్లలు సినిమా కోసం హాలుకు వెళ్లనవసరము లేదు. హాలే వారి చొక్కా జేబులోనికి వచ్చి కూర్చున్నది. వారు చూసినదాని గురించి మనము మాట్లాడకపోతే వారి చూపు ఆగదు, మన మధ్య మాట మాత్రము ఆగిపోతుంది. పైగా సినిమాను మన సంఘములు ఎన్నడూ పూర్తిగా త్రోసివేయలేదు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రాన్ని ఊరి బయట తెల్లగుడ్డ కట్టి చూపిస్తే బండ్లు కట్టుకొని వెళ్లి చూసినవారు మనలోనే ఉన్నారు. కాబట్టి ఈ నెల ఒక చిన్న సినిమా గురించి, దానిని చూసిన మనవారు చెప్పిన మాటల గురించి వ్రాస్తున్నాను.

ఆ చిత్రము పేరు 'ప్లే బ్యాక్'. 2021 మార్చిలో విడుదలైంది. దర్శకుడు హరిప్రసాద్ జక్కా. సుకుమార్ గారి '1 నేనొక్కడినే' వంటి చిత్రాల రచనలో పనిచేసిన వ్యక్తి. దినేశ్ తేజ్, అనన్య నాగళ్ల ముఖ్య పాత్రధారులు. పెద్ద తారలు లేరు, పెద్ద సెట్టింగులు లేవు. తక్కువ ఖర్చుతో తీసిన చిత్రము. తరువాత 'ఆహా'లో పెట్టిన మీదట మన పల్లెల దాకా వచ్చింది.

కథ మూలము ఒక్క మాటలో చెప్పవచ్చును. 2019లో ఉన్న ఒక కుర్రవాడు పాత ల్యాండ్‌ఫోనులో ఒక అమ్మాయితో మాట్లాడతాడు. ఆ అమ్మాయి ఉన్నది 1993లో! ఒకరికి ఇంకా జరగనిది మరొకరికి ఎప్పుడో జరిగిపోయినది. అక్కడినుండి ముడి బిగుస్తుంది. ఆ ముడి ఎట్లు విడుతుందో నేను చెప్పను. చూడదలచిన వారి సరదా పాడుచేయుట కాపరి పని కాదు.

చూసినవారు ఏమన్నారు?

మా యౌవనస్థులలో కొందరు దీనిని చూసి, ఒక శనివారము కూడిక అయిన తరువాత దీని మీదనే మాట్లాడుకుంటున్నారు. నేనూ చూసి ఉన్నాను గనుక వారితో కూర్చున్నాను. స్త్రీల సమాజము వారు, సంఘ పెద్దలు ఇద్దరు కూడ ఆగారు.

డిగ్రీ చదివే కుర్రవాడు, "డబ్బు లేకపోయినా బుర్ర ఉంటే సినిమా తీయవచ్చని చూపించారండీ" అన్నాడు. ప్రక్కనే ఉన్న మరొకడు, "మొదటి సగము నడవదు. రెండుసార్లు చూస్తే గాని నాకు అర్థము కాలేదు" అన్నాడు. ఇంటర్ చదివే అమ్మాయి ఒకతె మంచి చిక్కు వేసింది: "గతము మారిపోతే ఇక ఆ ఫోను చేయవలసిన అవసరమే ఉండదు కదా? మరి ఫోను చేసినదెవరు?" దానికి మా ఎవరి యొద్దా జవాబు లేదు. ఇట్టి కథలన్నిటిలోను ఆ చిక్కు ఉన్నది.

పెద్దలలో ఒకరికి ఇదంతా నచ్చలేదు. "పోయినవారితో మాట్లాడుట వాక్యము నిషేధించినది. సౌలు ఏన్దోరుకు పోయి ఏమి బాగుపడ్డాడు?" అన్నారు. ఆయన భయము ఊరకనే పుట్టినది కాదు. దుఃఖములో ఉన్నవారి దగ్గర డబ్బు గుంజి, చనిపోయినవారి చేత మాట్లాడిస్తామనే సోదెగాండ్రు ఇప్పటికీ ఉన్నారు. కర్ణపిశాచముగల స్త్రీ యొద్దకు సౌలు వెళ్లిన సంగతి (1 సమూయేలు 28) మన పిల్లలకు తప్పక చెప్పాలి. అయితే ఈ సినిమా ఆత్మలను పిలిచే కథ కాదు. యంత్రము చుట్టూ అల్లిన ఊహ. ఊహను ఊహగా చూచుటలో పాపము లేదు. నిజమని నమ్మి దాని వెంట పోయినప్పుడే ప్రమాదము.

నిజమునకు శాస్త్రము చెప్పేది ఇది. వెలుతురు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తినా, సూర్యుని నుండి మనకు చేరుటకు 8 నిమిషములకు పైగా పడుతుంది. అంటే మనము చూసే సూర్యుడు 8 నిమిషముల క్రిందటి సూర్యుడు. గడచినదానిని చూడవచ్చును గాని దానితో మాట్లాడలేము. ఈ చిత్రములోనే నటించిన టి.ఎన్.ఆర్., యూట్యూబ్ ఇంటర్వ్యూలతో ఇంటింటా తెలిసిన పాత్రికేయుడు, సినిమా విడుదలైన రెండు నెలలకే, 2021 మేలో, కోవిడ్ వలన కన్నుమూశారు. ఇప్పుడు ఆ చిత్రము పెడితే ఆయన నడుస్తారు, మాట్లాడతారు. మనము పిలిస్తే మాత్రము పలుకరు.

నీవైతే ఎవరికి చేస్తావు?

సినిమా బాగున్నదా లేదా అన్న వాదము కొంతసేపే నడిచింది. ఇంతలో ఎవరో, "ఆ ఫోను మనకు దొరికితే ఎవరికి చేస్తాము?" అన్నారు. అప్పుడు బయటికి వచ్చినవే అసలైన అభిప్రాయములు.

ఇందాకటి అమ్మాయి, "నేను చేయను. నాకే రావాలి, 2040 నుండి!" అని అందరినీ నవ్వించింది. స్త్రీల సమాజములోని ఒక తల్లి నవ్వలేదు. తన తండ్రి పోయినప్పుడు టెలిగ్రాం మరునాడు చేరిందట. ఈమె బస్సు దిగేసరికి భూస్థాపన అయిపోయిందట. ఆ టెలిగ్రాం అన్నది 2013లో దేశములోనే మూతపడింది గాని ఆ కాగితము ఆమె పెట్టెలో ఇంకా ఉన్నది. "ఏమీ హెచ్చరించను. 'అన్నం తిన్నావా నాయనా' అని అడుగుతాను, అంతే" అన్నది.

చివరకు, వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ఒక రైతు నోరు తెరిచాడు. "అయ్యగారూ, నేను 2021 జూలైకి చేస్తాను. ఒరే, ఆ నాలుగెకరాలు కౌలుకు పట్టొద్దురా, మిరప వెయ్యొద్దురా అని నాకు నేనే చెప్పుకుంటాను. అది చెప్పలేకపోయాక ఇక నేనుండి ఏమి లాభము?"

ఎవరూ మాట్లాడలేదు. ఆయన భార్య తల వంచుకున్నది.

ఆ సంవత్సరము ఏమి జరిగినదో మన ప్రాంతములో చిన్న పిల్లవానికి కూడ తెలుసు. అంతకు ముందు మన మిరప ఎరుగని నల్ల తామర పురుగు వచ్చి పూతలో చేరింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. పూత రాలి, కాయ వంకర పోయి, పచ్చగా ఉన్న చేలను కొందరు దున్నివేశారు. ఎకరానికి లక్షకు పైగా పెట్టిన డబ్బు, దాని మీద కౌలు, దాని మీద వడ్డీ అన్నీ అలాగే నిలిచిపోయాయి. తెలంగాణలోను ఇదే గోడు.

వెనుకకు వెళ్లినంత మాత్రాన

గడచినదానిని దిద్దుకోవాలన్న కోరిక లోకమంతటా ఉన్నది. 2000లో అమెరికాలో 'ఫ్రీక్వెన్సీ' అనే సినిమా వచ్చింది. అందులో ఒక కుమారుడు 1999లో ఉండి, 1969లో ఉన్న తన తండ్రితో హామ్ రేడియోలో మాట్లాడి ఆయన చావును తప్పిస్తాడు. ఆ మార్పు వలన తల్లి హంతకుని చేతికి చిక్కుతుంది. ఒక కంత పూడిస్తే ఇంకొక కంత పడుతుంది. ఆ కుమారుని పాత్ర వేసిన జిమ్ కేవీజెల్ 2004లో 'ది పాషన్ ఆఫ్ ది క్రైస్ట్'లో మన ప్రభువు పాత్ర వేసినవాడే. మన తెలుగులోను 2022లో 'ఒకే ఒక జీవితం' వచ్చింది. అందులో కుమారుడు తల్లిని కాపాడుకొనుటకు 1998కి వెళ్తాడు.

బైబిలులో కూడ కాలపు నీడ వెనుకకు నడిచిన సంగతి ఒకటి ఉన్నది. హిజ్కియా మరణకరమైన రోగములో ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు 15 సంవత్సరముల ఆయుష్షు కలిపి, గురుతుగా ఆహాజు ఎండ గడియారము మీద నీడను పది మెట్లు వెనుకకు నడిపించాడు (2 రాజులు 20). అది దేవుని కనికరము. అయితే ఆ కలిసివచ్చిన కాలములోనే హిజ్కియా బబులోను దూతలకు తన ఖజానా అంతా చూపి చిక్కు తెచ్చుకున్నాడు. దుష్టుడైన మనష్షే రాజైనప్పుడు పన్నెండేండ్లవాడు, అనగా ఆ 15 ఏండ్లలోనే పుట్టినవాడు. నీడ వెనుకకు పోయింది గాని మనిషి మారలేదు. మనకు అదనపు కాలము కంటే ఉన్న కాలములో క్రొత్త హృదయము ముఖ్యము.

మూడు బరువులు, మూడు దారులు

ఆ రైతు సోదరునికి నేను చెప్పినది ఇక్కడ వ్రాస్తున్నాను. ఇదే మాట అవసరమైనవారు ఇతర గ్రామములలోను ఉన్నారని నాకు తెలుసు. "అప్పుడు అట్లు చేసి ఉంటే" అని మనలను నమిలివేసే బాధ ఒక్కటే అనుకుంటాము. విడదీసి చూస్తే అందులో మూడు బరువులు ఉంటాయి.

మొదటిది పాపము. ఒకరిని మోసగించాము, కొట్టాము, వదలివేశాము. దీనికి దారి ఒప్పుకొనుట. దేవుని యొద్ద ఒప్పుకొని, సాధ్యమైనంతవరకు ఆ మనిషి యొద్దను ఒప్పుకోవాలి. క్షమాపణ దొరికినదానిని మరల మరల తవ్వుకొనుట వినయము కాదు.

రెండవది నష్టము. ఇక్కడే మనము పొరబడతాము. పురుగు తిన్న పైరు రైతు చేసిన పాపము కాదు. ఎవరూ ఎరుగని తెగులును ఆయన ముందుగా ఎరిగి ఉండవలసినదని ఏ న్యాయము చెప్పును? నష్టమును నేరముగా ఎంచి తనకు తానే శిక్ష వేసికొనుట అన్యాయము. నష్టమునకు దారి ఏడ్చుట, పంచుకొనుట, లెక్క చూసుకొనుట. పురుగులు తినివేసిన సంవత్సరములను గూర్చి యోవేలు ప్రవక్త ద్వారా దేవుడు పలికిన వాగ్దానము (2:25) వచ్చే పంట ధరకు పూచీ పత్రము కాదు. ఆ సంవత్సరములు దేవుని లెక్కలో పోలేదని, నీవు పనికిరానివాడవు కావని చెప్పే మాట అది.

మూడవది చెప్పని మాట. ఆ తల్లి "అన్నం తిన్నావా నాయనా" అన్నదే, అటువంటిది. పోయినవారికి దానిని చేరవేయలేము. ఉన్నవారికి చేరవేయుటకు ఆలస్యము లేదు.

ఈ మూడూ కలిసిపోయిన రాత్రి ఒకటి సువార్తలలో ఉన్నది. ఆ రాత్రి యూదా ప్రభువును అప్పగించాడు, పేతురు ఎరుగనన్నాడు. ఇద్దరికీ గుండె పగిలింది. యూదా ఒంటరిగా వెళ్లి ప్రాణము తీసుకున్నాడు. పేతురు ఏడ్చాడు గాని సహోదరుల మధ్యనే ఉండిపోయాడు. తరువాత ప్రభువు అతనిని ఆ రాత్రికి వెనుకకు తీసికొనిపోలేదు, ఆ మాటలు చెరిపివేయలేదు. పేతురు బొంకినది బొగ్గుల నిప్పు దగ్గర (యోహాను 18:18). సముద్రతీరమున మరల బొగ్గుల నిప్పు వేసి, చేపలు కాల్చి, "రా, భోంచేయి" అన్నట్టు పిలిచి, మూడు మారులు ప్రేమను అడిగి, మందను అప్పగించాడు (యోహాను 21). పాత నిప్పును ఆర్పలేదు. క్రొత్త నిప్పు వేశాడు. మన దేవుడు గతమును బాగుచేసే విధము ఇది.

ఆ శనివారము రాత్రి ఇద్దరు పెద్దలు ఆ సోదరుని ఇంటిదాకా వెంట వెళ్లారు. అందులో ఒకరు సినిమా నచ్చలేదన్న పెద్దాయనే. మరుసటి వారము వారే కూర్చొని ఎవరికి ఎంత బాకీ ఉన్నదో కాగితము మీద వ్రాయించారు. అంతకు ముందు ఆయన భార్యకు కూడ పూర్తి లెక్క తెలియదు. అప్పు తీరిపోలేదు. కాని దాని క్రింద ఇప్పుడు ఒక్కడే లేడు. ఆదివారము ఆరాధనకు వస్తున్నాడు.

కాబట్టి కుటుంబములారా, మీ ఇంటిలో ఎవరైనా "నేనుండి ఏమి లాభము" అంటే అది ఊరక అన్న మాట అనుకొనవద్దు. ప్రక్కన కూర్చోండి. సూటిగా అడగండి. పురుగుమందు డబ్బాలు ఇంటిలో అందుబాటులో ఉంచవద్దు. కాపరికి కబురు చేయండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి మానస్ వారు ఏ వేళనైనా, ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడతారు. సహాయము అడుగుట అవిశ్వాసము కాదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో

ఒక సాయంత్రము యోహాను 21వ అధ్యాయము చదువుకొని, "గడచిన దినములకు ఒక్క ఫోను చేయగలిగితే ఎవరికి చేస్తావు?" అని ఒకరినొకరు అడగండి. పెద్దలు ముందు జవాబు చెప్పండి, పిల్లలు తరువాత చెబుతారు. ఎవరినీ మధ్యలో ఆపవద్దు, నవ్వవద్దు. తరువాత బ్రతికి ఉన్నవారిలో మీరు మాట మానుకున్న ఒకరికి ఆ రాత్రే నిజముగా ఫోను చేయండి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, గడచిన దినములు మా చేతిలో లేవు, నీ చేతిలో ఉన్నవి. మా పాపమును క్షమించుము. మా నష్టములో మాతో కూర్చొనుము. చెప్పవలసిన మాటను నేడే చెప్పుటకు మాకు నోరు తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

– సంఘ కాపరి, దాచేపల్లి