రాత్రివేళ తిమ్మిరెక్కే చేయి

కొన్ని నెలల క్రితం ఒక మధ్యాహ్నం, జుహర్ నమాజు ముగిసి పిల్లలు భోజనాలకు కూర్చున్న వేళ, మా మదరసాలో చదువుతున్న ఒక విద్యార్థి తల్లి నీళ్ళ సీసాతో వచ్చారు. దుఆ చదివి ఊదిన నీళ్ళు కావాలన్నారు. ఎవరి కోసమని అడిగితే తమ కుడిచేతినే చూపారు.

"రాత్రయితే చెయ్యి చచ్చిపోతున్నది మౌల్వీసాబ్. మంటతో లేచి కూర్చుని విదిలించుకుంటే గాని ప్రాణం రాదు. పక్షవాతం మొదలైందని ఒకరంటారు, దిష్టి తగిలిందని ఒకరంటారు" అన్నారు. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లోని వేలాది స్త్రీల వలెనే ఆమె కూడా బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్నవారు.

దుఆ చేశాము. ఆ తర్వాత ఒకే ప్రశ్న అడిగాము: "చిటికెనవేలు కూడా తిమ్మిరెక్కుతుందా అమ్మా?" ఆమె కాసేపు ఆలోచించి, లేదు, ఆ వేలు బాగానే ఉంటుందన్నారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మాత్రమే మొద్దుబారుతాయట. అప్పుడు మాకు విషయం కొంత అర్థమైంది.

మేము వైద్యులము కాము. అయినా ఈ ప్రశ్న మాకెలా తెలుసునంటే, రెండేళ్ళ క్రితం ఒక వైద్యుడు మమ్మల్ని ఇదే అడిగారు. షాబాన్ నెల పరీక్షల జవాబుపత్రాలు దిద్దీ దిద్దీ చేయి నొప్పి పుట్టిందనుకొని ఎనిమిది నెలల పాటు ఆవనూనె మర్దన, వేడినీళ్ళ కాపడం, దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలతో కాలం వెళ్ళబుచ్చాము. ఆ వైద్యుడు మృదువుగానే అయినా బాగా మందలించారు.

మణికట్టు అరచేతితో కలిసే చోట లోపలివైపున ఒక ఇరుకైన దారి ఉంటుంది. అడుగున, ఇరుపక్కల చిన్న ఎముకలు గోడలుగా, పైన ఒక గట్టి పట్టీ కప్పుగా అమరి ఉంటాయి. వేళ్ళను ముడిచే తొమ్మిది తాళ్ళు, వాటితోపాటు మీడియన్ అనే నరం ఈ దారి గుండానే అరచేతిలోకి వెళతాయి. ఆ తాళ్ళ పైపొర ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా, దారి మాత్రం వెడల్పు కాదు. నలిగేది నరమే. దీనినే వైద్యులు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి, ఉంగరపువేలిలో సగభాగానికి స్పర్శనిచ్చేది ఈ నరమే. చిటికెనవేలి నరం వేరే దారిన వెళుతుంది. చిటికెనవేలి సంగతి ముందుగా అడగడం అందుకే. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు వంగిపోయి లోపలి ఒత్తిడి పెరుగుతుంది గనుక బాధ రాత్రిపూట ఎక్కువవుతుంది.

పురుషుల కంటే స్త్రీలకు ఇది ఎక్కువగా వస్తుంది. గర్భిణులకు, మధుమేహం ఉన్నవారికి, థైరాయిడ్ తక్కువగా పనిచేసేవారికి, అధిక బరువు ఉన్నవారికి, కీళ్ళవాతం ఉన్నవారికి రావడానికి అవకాశం హెచ్చు. గర్భిణులలో చాలామందికి ప్రసవం తర్వాత దానంతటదే తగ్గుతుంది. ఇక చేతిపని సంగతి. ఇంట్లో ఎవరికి చేయి నొప్పి వచ్చినా ఫోను మీద నేరం మోపడం మనకు అలవాటైపోయింది. అయితే మణికట్టును వంచి, బలంగా పట్టి, అదే కదలికను గంటల తరబడి చేసే పనులకే ఈ జబ్బుతో సంబంధం బలంగా కనిపిస్తుంది. చాటను ఒడిలో పెట్టుకొని తునికాకును కత్తెరతో కత్తిరించడం, పొగాకు నింపి చుట్టడం, కొనలు మడవడం చూడండి. కూలి వెయ్యి బీడీల లెక్కన. చేయి ఆగితే లెక్క ఆగుతుంది. పాతబస్తీలో జర్దోజీ కుట్టేవారి చేతులు, పెళ్ళిళ్ళ రోజుల్లో కుట్టుమిషను దగ్గర దర్జీల చేతులు, ఉమ్మడి కుటుంబంలో పూటకు యాభై రొట్టెలు వత్తే కోడలి చేయి కూడా ఇలాంటివే. ఆ కోడలి చేయి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. మా మదరసాలో పిండి పిసికే పని మగపిల్లలకే అప్పగించాము. ఇళ్ళల్లోనూ అబ్బాయిల చేత ఆ పని చేయించవచ్చు.

చికిత్స చాలావరకు తేలికైనదే. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టును తిన్నగా నిలిపే స్ప్లింట్ అనే పట్టీ మందుల దుకాణాల్లో దొరుకుతుంది. ఆరు వారాలు విడవకుండా కట్టుకుంటే కొత్తగా వచ్చిన జబ్బు చాలామందిలో నెమ్మదిస్తుంది. ఇక్కడ మేము పడిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఆ పట్టీలోని లోహపు బద్ద తరచూ చేతిని వెనక్కి వంచే విధంగా వస్తుంది. దానిని బయటకు తీసి తిన్నగా చేయాలి. మేము అలా చేయకుండా మూడు వారాలు కట్టుకొని, పట్టీ పనికిరాదని తీర్మానించాము! చక్కెర, థైరాయిడ్ రక్తపరీక్షలు తప్పక చేయించుకోవాలి. మూలం అక్కడ ఉంటే పట్టీ ఒక్కటే ఏం చేస్తుంది? తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దాని వల్ల కొందరికి కొన్ని నెలల ఉపశమనం లభిస్తుంది. మధుమేహం ఉన్నవారికి ఆ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చు, కాబట్టి ముందే వైద్యునికి చెప్పాలి. నొప్పి మాత్రలు నరం మీది ఒత్తిడిని తీసివేయలేవు. నెలల తరబడి మింగితే కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. విటమిన్ లోపం లేనివారికి బలం మాత్రలతో ఈ జబ్బు నయమవుతుందన్న రుజువు కూడా లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. బొటనవేలి మొదట్లో ఉండే మెత్తని కండ చిక్కిపోయినా, తిమ్మిరి పగలూ రాత్రీ తగ్గకుండా ఉన్నా, గుండీ పెట్టుకోలేక వస్తువులు జారిపోతున్నా, నరం చాలా దెబ్బతిన్నదని అర్థం. అప్పుడు ఆ గట్టి పట్టీని కోసి నరానికి చోటు చేసే శస్త్రచికిత్స అవసరమవుతుంది. చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. నీళ్ళ సీసాతో వచ్చిన ఆ తల్లి చూపుడువేలి కొన మీద కాలిన మచ్చ ఉంది. వేడి గిన్నె తాకిన సంగతి తమకు తెలియనే లేదన్నారు. ఆ మాట విన్నాక మేము ఆగలేదు, మరునాడే ఆసుపత్రికి వెళ్ళమని ఆమె కుమారునికి గట్టిగా చెప్పాము.

చేతినొప్పులన్నీ ఈ జాతివి కావు. పసిబిడ్డల తల్లులకు, మనుమలను సాకే నానమ్మలకు బొటనవేలి వైపున మణికట్టు దగ్గర పోటు వస్తుంది. బొటనవేలిని గుప్పిట్లో ముడిచి చేతిని చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయినట్టుంటుంది. 1895లో దీనిని వివరించిన స్విట్జర్లాండ్ శస్త్రవైద్యుని పేరనే దీనిని డి కెర్వాన్ జబ్బు అంటారు. బొటనవేళ్ళు చాచి బిడ్డను చంకల కింద పట్టి ఎత్తడం ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి. అరచేతులు పైకి పెట్టి, ఒక చేయి పిరుదుల కింద, ఒక చేయి వీపు కింద ఉంచి ఎత్తుకుంటే చాలా తేడా ఉంటుంది. వేలు ముడుచుకొని తెరవబోతే టక్కుమని పట్టేయడం వేరే. అది మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ.

రెండు చేతుల కణుపులూ వాచి, పొద్దున్నే లేచాక అరగంటో గంటో దాటినా వేళ్ళు బిగుసుకునే ఉంటే, దానిని వయసు మీద నెట్టవద్దు. అది రుమటాయిడ్ కీళ్ళవాతం కావచ్చు. తొలి నెలల్లోనే మందులు మొదలుపెడితే కీళ్ళు వంకరపోకుండా కాపాడవచ్చు. అలాగే చేయి ఆనించి జారిపడినవారు, బొటనవేలి మొదట్లో మణికట్టు మీద కనిపించే చిన్న గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన ఊరుకోరాదు. అక్కడి స్కాఫాయిడ్ ఎముక చీలిక మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవడం కద్దు. పది, పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ తీయించాలి. ఆ ఎముకకు రక్తం అందే తీరు బలహీనమైనది గనుక, నిర్లక్ష్యం చేస్తే అతకదు. చేయి ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, గాయం తర్వాత వేళ్ళు తెల్లబారినా అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి.

ఈ పట్టీలతో వుజూ ఎలాగని మమ్మల్ని చాలామంది అడిగారు. రాత్రి కట్టుకునే పట్టీని సులువుగా విప్పవచ్చు కాబట్టి విప్పి కడుక్కోవాలి. శస్త్రచికిత్స తర్వాత తడపకూడదని వైద్యుడు చెప్పిన కట్టు మీద తడిచేతితో మసహ్ చేసి, మిగతా భాగాన్ని కడిగితే చాలు. సజ్దాలో అరచేతిని పూర్తిగా ఆనించలేనివారు తమ శక్తి మేరకు ఆనించవచ్చు. నొప్పిని ఓర్చుకోవడమే పుణ్యమనుకొని కట్టును తడిపి పుండు చేసుకున్నవారిని మేము చూశాము.

ఆ తల్లికి కుడిచేతి శస్త్రచికిత్స ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగింది. రాత్రి మంట మొదటి వారంలోనే పోయిందట. వేలి కొనల స్పర్శ మాత్రం ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు, ఆలస్యమైనందున ఎంత వస్తుందో వైద్యులు చెప్పలేమన్నారు. నెలన్నర పాటు ఆకు తెచ్చుకోలేదు. ఆ రోజుల ఖర్చును ఆమె తమ్ముడు, ఇద్దరు పొరుగువారు పంచుకున్నారు. ఇప్పుడు రోజుకు ఐదారు వందల బీడీలతోనే ఆపుతున్నారు, మధ్యమధ్య లేచి చేతులు చాపుతున్నారు. ఎడమ చేతికి పట్టీ కట్టుకుంటున్నారు. దానికీ శస్త్రచికిత్స అవసరమైతే, పెద్దమ్మాయికి బడి సెలవులు వచ్చాక చేయించుకుంటానని మొన్న కబురు పంపారు.