పైథాన్ విత్తనం ఎక్కడిది?

ఈనాడు సైన్సు విద్యార్థుల్లో పైథాన్ పేరు విననివారు లేరు. 1991లో గిడో వాన్ రోసమ్ విడుదల చేసిన ఈ భాష భౌతికశాస్త్రం మొదలు వృక్షశాస్త్రం దాకా అంతటా అడుగుపెట్టింది. భాష నేర్పేవారున్నారు, పరీక్ష పెట్టేవారున్నారు. కాని దాన్ని కంప్యూటరులోకి ఏ దారిన తెచ్చుకోవాలో చెప్పేవారే కరువు. చిన్న సంగతే గదా అని కొట్టిపారేస్తున్నాం. అది చిన్న సంగతి కాదని నా అభిప్రాయం.

నేను రైతుబిడ్డను. పత్తి గింజలు కొనేటప్పుడు మా బాపు మూడు సంగతులు చూస్తాడు: దుకాణానికి లైసెన్సు ఉందా, సంచి మీద లాట్ నంబరు ఉందా, చేతికి బిల్లు వచ్చిందా. నకిలీ విత్తనాల దెబ్బ తిన్న మన వరంగల్ ప్రాంతంలో ఇది చదువురానివారికి కూడా తెలిసిన శాస్త్రం. మరి చదువుకున్న మనం? ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిందల్లా ఎక్కించుకుంటాం. ఒక్క యంత్రంలో మూడు పైథాన్లు చేరతాయి. పిలిస్తే ఏది పలుకుతుందో ఎవరికీ ఎరుక ఉండదు.

ప్యాకేజీ మేనేజర్ చేసేది ఆ బిల్లు పనే. డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో ఆప్ట్ ఉంది. విండోస్‌కు వింగెట్ ఉంది. పైథాన్ కావాలని ఆప్ట్‌ను అడిగితే రిపోజిటరీ జాబితా మీది డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది, తోడు కావలసిన ప్యాకేజీలను వెంట తెస్తుంది, ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో లెక్క రాసుకుంటుంది. వద్దంటే ఆ లెక్క చూసే తీసేస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. ఆ లినక్స్‌లలో వ్యవస్థ సొంత పనిముట్లు కొన్ని పైథాన్ మీదనే నడుస్తాయి. సుడో అధికారంతో పిప్ ద్వారా ఇష్టమొచ్చిన లైబ్రరీలు కుమ్మరిస్తే ఇంటి వాసాలకే గొడ్డలి తగులుతుంది. అందుకే 2023 నాటి డెబియన్ 12 నుంచి పిప్ అట్లా పెట్టనీయక ఆపుతుంది. దీనికి మందు వెన్వ్. ప్రతి ప్రాజెక్టుకూ వేరే మడి కట్టుకోవడమన్నమాట. ఒక మడిలో వేసింది ఇంకో మడిని పాడుచేయదు.

ఆప్ట్ ఇచ్చేది పాత వెర్షనని కొందరు మిత్రులంటారు. నిజమే. డెబియన్ 12లో ఉన్నది 3.11, అదే ఏడు అక్టోబరులో 3.12 వచ్చింది. కాని డిగ్రీ ప్రాక్టికల్స్‌కు 3.11 చాలదా? నిన్న వచ్చిన రకాన్ని చేనంతా వేసే రైతు ఉంటాడా?

ఈ నిర్లక్ష్యం వల్ల నష్టపోయేదెవరు? అడిగితే చెప్పే అన్నయ్య ఇంట్లో ఉన్నవాడు కాదు. పల్లె నుంచి వచ్చి, సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ముందు కూర్చొని, తెర మీద వరసగా వచ్చే ఎర్రర్లు చూసి "ఈ చదువు నాకు రాదు" అని లేచిపోయే పిల్లలు. లోపం వాళ్ల తెలివిలో లేదు, రాసిన ప్రోగ్రాములోనూ లేదు. ఇన్‌స్టలేషన్‌లో ఉంది. ఆ మాట వాళ్లకు చెప్పకపోతే మనం భాషను కాదు, భయాన్ని నేర్పుతున్నట్టు.

కనుక అధ్యాపకులకు నా మనవి: మొదటి ప్రాక్టికల్ ఇదే కావాలి. విద్యార్థి సంఘానికి ఇంకొకటి: ఒక పాత కంప్యూటరులో రిపోజిటరీ నకలు పెట్టించండి. హాస్టల్ విద్యార్థులు ఫోన్ డేటా ఖర్చు లేకుండా అక్కడి నుంచే తెచ్చుకుంటారు. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కావలసిందల్లా పూనుకునే నలుగురు. అందులో ఒకడిగా నా పేరు రాసుకోండి.