ప్రొపెల్లరు ముందు పౌరుషం

మొన్న సంక్రాంతికి గురజాల వెళ్ళినప్పుడు మా అన్నయ్య కొడుకు తను కట్టుకున్న చిన్న విమానాన్ని ఊరి బయటి మైదానానికి పట్టుకొచ్చాడు. రెక్కల ఈ కొన నుంచి ఆ కొనకు ఒక మనిషి బారెడు ఉంటుంది. ముక్కున ఆరున్నర సీసీ ఇంజను, దానికి పది అంగుళాల ప్రొపెల్లరు. పండుగ రోజులు కావడంతో చూడడానికి పిల్లలతోపాటు పెద్దలూ ఓ ఇరవైమంది పోగయ్యారు. వాడు సంచీలోంచి వడ్రంగులు వాడే బ్యాటరీ డ్రిల్లు తీశాడు. దాని మూతికి గిన్నె ఆకారంలో ఉన్న రబ్బరు బిళ్ళను బిగించాడు. దాన్ని ప్రొపెల్లరు నడుమ ఉండే కోసుటోపీకి ఆనించి మీట నొక్కాడు. రెండు క్షణాల్లో ఇంజను అందుకుంది.

పెద్దల్లో ఒకాయన గట్టిగా నవ్వి, "ఏందిరా అబ్బాయ్, చేతుల్లేవా నీకు? పల్నాటోడివై ఉండి డ్రిల్లు బెట్టి తిప్పుతుండావు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

విమానం చక్కగానే ఎగిరింది, చక్కగానే దిగింది. రెండోసారి ఎగరేసేటప్పుడు మాత్రం వాడు డ్రిల్లును సంచీలో పెట్టేసి, చూపుడువేలితో ప్రొపెల్లరు విసరబోయాడు. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. ఆ నవ్వులో నా పాలు కూడా ఉంది గనుక, దానికి సంజాయిషీగా ఈ టపా.

ముందుగా ఈ యంత్రం సంగతి తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. ఇటువంటి చిన్న ఇంజన్లు పెట్రోలుతో నడవవు. మిథనాలు అనే సారాయి జాతి ద్రవం, నూనె, కొద్దిగా నైట్రోమీథేను కలిపిన ఇంధనంతో నడుస్తాయి. ఆ నూనెగా ఎక్కువకాలం వాడినది మరేదో కాదు, మన ఆముదమే. మిథనాలులో ఇట్టే కరుగుతుంది, ఎంత వేడికైనా లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లకూ ఆముదమే కందెన. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆకాశంలో అది నిజంగానే మహావృక్షం అనిపించుకుంది.

ఇంజను తలలో ఒక చిన్న ప్లగ్గు, అందులో ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఉంటాయి. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చి ప్రొపెల్లరు తిప్పితే లోపలి ఇంధనం అంటుకుంటుంది. ఒకసారి అంటుకున్నాక బ్యాటరీ తీసేసినా పరవాలేదు. ప్లాటినం సమక్షంలో మిథనాలు మండే వేడే తీగను ఎర్రగా ఉంచుతుంది. అంటే కష్టమంతా ఆ మొదటి నాలుగు చుట్లలోనే ఉంది. అవి ఎవరు తిప్పాలి, వేలా, పుల్లా, మోటారా అన్నదే వివాదం.

ఇప్పుడు కాస్త లెక్క. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, అంటే నిమిషానికి 3,000 చుట్లప్పుడు, రెండు రెక్కల ప్రొపెల్లరు ఒకే చోటు నుంచి క్షణానికి 100 సార్లు పోతుంది. పూర్తి వేగంలో నిమిషానికి 12,000 చుట్లనుకుంటే క్షణానికి 400 సార్లు. అప్పుడు పది అంగుళాల రెక్క కొన గంటకు 570 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిరుగుతూంటుంది. ఒక వేలు దాని దారిలోకి పోతే వెనక్కి తీసుకొనే వ్యవధి ఏ వీరుడికీ ఉండదు.

ఈ లెక్క నాకు పుస్తకంలో తెలిసింది కాదు. ఎన్‌సీసీ వైమానిక విభాగం 1950లో మొదలైంది. ఏరోమోడలింగ్ ఆ శిక్షణలో ఒక భాగం. కళాశాల రోజుల్లో నేనూ అందులో ఉన్నాను. వేలికి బదులు చిన్న కర్రతో ప్రొపెల్లరు విసరడం అప్పటికే తెలిసిన పద్ధతి. కర్ర తీసుకున్నవాణ్ణి మాలో మేమే "పిరికి పంతులు" అని ఏడిపించుకొనేవాళ్ళం. ఆ పేరు పడకూడదని ఒకనాడు నేను కర్ర పక్కన పారేశాను. ఇంజను వెనక్కి తన్నింది. నా కుడిచేతి చూపుడువేలికి ఆరు కుట్లు పడ్డాయి. ఈ నాటికీ చలికాలంలో ఆ వేలి కొనకు స్పర్శ సరిగా తెలియదు. ఈ అక్షరాలు టైపు చేస్తున్నప్పుడు కూడా ఆ వేలు ఒక మీటకు బదులు మరొక మీట నొక్కుతూంటుంది. ఇంతటి గాయానికి ప్రతిఫలంగా నాకు దక్కింది ఏమిటి? నన్ను పిరికివాడని ఎవరూ అనకపోవడం.

ఇది విమానాలతో మొదలైన జబ్బు కాదు. మా పల్నాట్లో అంతకు ముందునుంచీ ఉన్నదే. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టులో నీళ్ళు వదిలారు. కుడికాలువ మాచర్ల, గురజాల ప్రాంతాల మీదుగా పారింది. కానీ నీరు పల్లానికే గదా పారేది! కాలువ కంటే ఎత్తున ఉన్న చేలవాళ్ళు ఆయిలింజన్లు పెట్టి తోడుకున్నారు. ఆ ఇంజనును హ్యాండిలుతో తిప్పాలి. డీకంప్రెషన్ లివరు ఎత్తిపట్టి, బరువైన చక్రానికి ఊపు వచ్చేదాకా తిప్పి, అప్పుడు లివరు వదలాలి. ఊపు చాలకపోతే ఇంజను వెనక్కి తంతుంది. హ్యాండిలును పట్టుకొనేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి గాని, పిడికిలి బిగించి చుట్టకూడదని తెలిసినవాళ్ళు చెప్పేవారు. వినేవాళ్ళు తక్కువ. పిడికిలి బిగించడంలో ఉన్న దర్జా వేళ్ళు చాపి పట్టుకోవడంలో లేదు మరి!

1980లలో ఒక వేసవిలో మా బాబాయి మణికట్టు అలాగే విరిగింది. అందరికీ గుర్తున్నది ఆ విరగడం. నాకు గుర్తున్నది ఆ తరువాతి సంగతి. చేనుకు నీళ్ళు వంతుల మీద వచ్చేవి. మా వంతు రాత్రిపూట పడింది. బాబాయి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఇంజను తిప్పడానికి పిన్ని నాలుగిళ్ళకు తిరిగింది. ఒకరు ఊళ్ళో లేరు, ఒకరు వస్తానని రాలేదు. తనే తిప్పబోతే అక్కడున్న ముసలాయన "ఆడదానివి, నీవల్ల యాడవుద్దమ్మా" అని పక్కకు జరగమన్నాడు. తెల్లారేసరికి వంతు దాటిపోయింది. ఆ తడి తప్పిన మిరపచేను ఏమయిందో వేరే చెప్పనక్కర్లేదు. చాలా ఏళ్ళ తరువాత కూడా పిన్ని ఒకటే మాట అనేది: "నీళ్ళున్నయ్యి, ఇంజనుంది, ఆయిలుంది. తిప్పే మగాడు లేక చేనెండింది నాయనా."

చేతిబలంతో మాత్రమే మొదలయ్యే యంత్రం ఎవరిదని అడిగితే, అది కొనుక్కున్నవాళ్ళది కాదు, తిప్పగలిగినవాళ్ళది. హ్యాండిలు వెనుక ఉన్న పౌరుషం పక్కన నిలబడినవాళ్ళను ఎంతమందిని యంత్రానికి దూరం చేసిందో మనం లెక్క వేసుకోలేదు. ఆడవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, పిల్లలు. డ్రిల్లు వాళ్ళందరినీ లోపలికి పిలుస్తుంది. ఇదే నా మొదటి వాదన, అసలు వాదన.

పల్నాటి పౌరుషాన్ని నేను తక్కువ చేయడం లేదు. కారంపూడిలో ఏటేటా కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ అయిదు రోజుల్లో కోడిపోరుకు ఒక రోజు ఉంది. వీరగాథలో ఆ పందెం ఏం తెచ్చిపెట్టింది? మాచర్ల వారు పందెం ఓడి రాజ్యం విడిచి వలస పోయారు, చివరికి కారంపూడి నేల మీద రెండు పక్షాలూ నశించాయి. ఏటేటా ఆ కథ వింటూ మనం నేర్చుకోవలసింది పందేనికి దిగడం కాదు, ఏ పందెం దిగదగినదో ఎంచుకోవడం. ఆరున్నర సీసీ ఇంజనుతో వేలికి పందెమేమిటి? గెలిస్తే వచ్చేది ఏమీ లేదు, ఓడితే పోయేది వేలు.

ఇది నేడు పుట్టిన యుక్తి కూడా కాదు. కార్లకు హ్యాండిలు తిప్పి చేతులు విరగ్గొట్టుకుంటున్న రోజుల్లో చార్లెస్ కెటరింగ్ విద్యుత్తుతో ఇంజను తిప్పే ఏర్పాటు చేశాడు. అది 1912 కాడిలాక్ కార్లలో వచ్చింది. నిజం విమానాలకు కూడా మొదట్లో ప్రొపెల్లరును చేత్తోనే విసిరేవారు. బ్రిటిష్ వైమానికుడు బెంట్‌ఫీల్డ్ హక్స్ ఒక మోటారు బండి మీద పొడవాటి ఇరుసు పెట్టి, దాని కొనను ప్రొపెల్లరు నడుమ ఆనించి తిప్పే ఉపాయం కనిపెట్టాడు. ఆయన పేరుమీదనే దాన్ని హక్స్ స్టార్టరన్నారు. మా వాడి డ్రిల్లు దానికి మనుమడి వరస. యుద్ధ విమానాలు నడిపినవాళ్ళకు రాని నామోషీ మనకెందుకు? ఉపాయం లేనివాణ్ణి ఊళ్ళోంచి తరిమేయమన్నారు గాని, ఉపాయం ఉన్నవాణ్ణి చూసి నవ్వమని ఏ పెద్దలూ చెప్పలేదు.

అయితే అవతలి పక్షం మాటలో ఒక నిజం ఉంది. దాన్ని దాటవేస్తే నా వాదన కుంటిదవుతుంది. చేతికి తెలిసినది డ్రిల్లుకు తెలియదు. ప్రొపెల్లరును వేళ్ళతో మెల్లగా తిప్పినప్పుడు లోపలి ఒత్తిడి చేతికి తగులుతుంది. ఇంధనం ఎక్కువై సిలిండరు నిండితే ఒకచోట గట్టిగా ఆగిపోతుంది, చెయ్యి కూడా అక్కడ ఆగుతుంది. డ్రిల్లు ఆగదు. ద్రవం నలగదు గనుక విరిగేది కనెక్టింగ్ రాడ్డే. అంటే చేతికి బలమొక్కటే కాదు, ఎరుక కూడా ఉంది. డ్రిల్లు బలాన్ని మాత్రమే ఇస్తుంది. ఎరుక మనమే తెచ్చుకోవాలి.

అందుచేత మా వాడికి నాలుగు నియమాలు చెప్పాను. ప్లగ్గుకు బ్యాటరీ తగిలించక ముందే ప్రొపెల్లరును చేత్తో రెండు చుట్లు తిప్పి చూడాలి. ఎక్కడైనా బిగిస్తే ప్లగ్గు విప్పి ఇంధనం బయటికి పోనివ్వాలి. రెండవది, డ్రిల్లును మరలు విప్పే దిశలో తిప్పాలి. ఎందుకంటే మామూలు ఇంజను ముందునుంచి చూసేవాడికి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. ఇదే కారణం చేత నట్టుకు బాక్సుపానా తగిలించి తిప్పకూడదు, తిప్పితే నట్టు ఊడి వస్తుంది. రబ్బరు గిన్నెతో కోసుటోపీనే పట్టుకోవాలి. మూడవది, డ్రిల్లు మెడలో ఉండే క్లచ్చు రింగును తక్కువ అంకె మీద పెట్టాలి. ఇంజను పట్టేస్తే క్లచ్చు జారుతుంది, రాడ్డు బతుకుతుంది. నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. ఇంజను అందుకోగానే డ్రిల్లును తిన్నగా వెనక్కి తీసి, విమానాన్ని చుట్టి వెనుకకు వెళ్ళి, అప్పుడు బ్యాటరీ క్లిప్పు తీయాలి. ప్రొపెల్లరు మీదుగా చెయ్యి చాపకూడదు. డ్రిల్లు ఉన్నంత మాత్రాన రెక్క మొద్దుబారదు.

చేతిపనిలో ఒక ఆనందముందని, అది పోతుందని కొందరంటారు. వేలితో ఒక్క విసురుకు ఇంజను అందుకున్నప్పటి సంతోషం నేనెరుగుదును, కాదనను. కానీ ఆ చేతిపని ఎక్కడికీ పోలేదు. బల్సా కర్ర చెక్కడంలో ఉంది, రెక్కకు పొర అతకడంలో ఉంది, నీడిల్ వాల్వును పావుచుట్టు తిప్పి ఇంజను గొంతు సరిచేయడంలో ఉంది. దానికి నిండుగా పది వేళ్ళూ కావాలి. అందుకే వాటిని కాపాడుకొమ్మంటున్నాను.

ఆ సాయంత్రం మా వాడు మళ్ళీ డ్రిల్లు బయటికి తీశాడు. పొద్దున నవ్విన పెద్దాయన అక్కడే ఉన్నాడు. నేను నా చూపుడువేలు ఆయనకు చూపించి, కుట్ల కథ చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత తన కుడిచేతి బొటనవేలు చూపించాడు. వంకరగా అతుక్కొని ఉంది. "యాభైరెండేళ్ళయింది. ఆయిలింజను" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. కొంచెం ఆగి మా వాడితో, "ఏదబ్బాయ్, ఆ డ్రిల్లు ఇట్టా ఇయ్యి, నేనొకసారి తిప్పుతా" అన్నాడు.

వాడు డ్రిల్లు ఇచ్చే ముందు, ప్రొపెల్లరును చేత్తో రెండు చుట్లు తిప్పి చూశాడు.