క్వార్టర్ హక్కు, పట్టా ఉచితమా?

2022 జూలై 16, శనివారం. ఉత్తరప్రదేశ్‌లోని జాలౌన్ జిల్లాలో బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌వేను ప్రారంభిస్తూ ప్రధాని నరేంద్ర మోదీ 'రేవ్డీ సంస్కృతి' మీద విరుచుకుపడ్డారు. ఉచితాలు పంచి ఓట్లు దండుకునే అలవాటు దేశాభివృద్ధికి చేటన్నది ఆ ప్రసంగ సారాంశం. సరిగ్గా అదే రోజు ఛత్తీస్‌గఢ్ మంత్రి టి.ఎస్. సింగ్‌దేవ్ పంచాయతీ, గ్రామీణాభివృద్ధి శాఖను వదులుకుంటూ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌కు లేఖ రాశారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టాల్సిన 8 లక్షల ఇళ్లు కట్టలేకపోయామని, నిధులు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదని అందులో వాపోయారు. రెండూ ఒకే రోజు జరగడం కాకతాళీయమే. కానీ సర్కారు సాయం మీద మన రాజకీయాల్లో నడుస్తున్న వాదన ఎంత గజిబిజిగా ఉందో చెప్పడానికి అంతకన్నా మంచి తేదీ దొరకదు.

గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతంలో ఇంటికి ఇచ్చేది లక్షా 20 వేలు. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. ఛత్తీస్‌గఢ్ తన వాటా విడుదల చేయలేదని 2021లో కేంద్రం 7.81 లక్షల ఇళ్ల లక్ష్యాన్ని వెనక్కి తీసుకుంది. మాకు రావాల్సిన బకాయిల సంగతేమిటని రాష్ట్రం ఎదురు ప్రశ్నించింది. బఘేల్ ప్రభుత్వం సొంతంగా 'గ్రామీణ ఆవాస్ న్యాయ్ యోజన' తెచ్చేసరికి 2023 సెప్టెంబరు వచ్చింది, ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. 18 లక్షల ఇళ్లు ఇస్తామన్న బీజేపీ 90కి 54 సీట్లు గెలిచింది. విష్ణుదేవ్ సాయ్ ప్రమాణ స్వీకారం చేసిన మర్నాడే తొలి మంత్రివర్గ సమావేశంలో ఆ 18 లక్షల ఇళ్లకు ఆమోదముద్ర వేశారు. ఉచితాలు వద్దన్న పార్టీ ఇళ్ల హామీతో లాభపడింది. పేదల పక్షమని చెప్పుకునే బఘేల్ పార్టీ ఇళ్ల దగ్గరే దొరికిపోయింది. ఇల్లు ఆస్తి, అది ఉచితం కిందికి రాదని బీజేపీ అంటుంది. ఆ వాదనలో పస లేకపోలేదు. అయితే ఏది ఆస్తి, ఏది హక్కు, ఏది దానం అని గీత గీసేదెవరు? ఈ ప్రశ్న వేయడానికి భిలాయ్‌కి మించిన ఊరు లేదు.

అక్కడి ఉక్కు ప్లాంటు కోసం 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దుర్గ్ జిల్లాలో పదుల కొద్దీ గ్రామాల పొలాలు ప్లాంటు కిందికి, టౌన్‌షిప్ కిందికి పోయాయి. ఆ నేల మీద సర్కారు ఉక్కుతోపాటు ఒక జీవన విధానాన్నే తయారుచేసింది. నెంబర్లు వేసిన సెక్టార్లు, వెడల్పాటి రోడ్లు, క్వార్టర్ వెనక మామిడిచెట్టుకూ జామచెట్టుకూ సరిపడా పెరడు, పిల్లలకు కంపెనీ బడి, జబ్బు చేస్తే సెక్టార్-9 ఆసుపత్రి. అద్దె నామమాత్రం. నీళ్లు, కరెంటు ప్లాంటువే. ఇంత సమగ్రమైన సర్కారీ గృహవసతి దేశంలో అరుదు. దాన్ని ఎవరూ ఏనాడూ 'సంక్షేమం' అనలేదు. పర్మనెంట్ ఉద్యోగంతోపాటు వచ్చే సదుపాయం అన్నారు.

రైలు పట్టాలు దాటి పవర్‌హౌస్ వైపు వస్తే కథ మారుతుంది. క్యాంప్-1, క్యాంప్-2, ఖుర్సీపార్ లాంటి చోట్ల ప్లాంటు కట్టడానికి వచ్చిన కూలీలు, పని అయిపోయాక వెనక్కి పోలేక మిగిలిపోయినవాళ్లు, చిన్న ఫ్యాక్టరీల కార్మికులు గుడిసెలు వేసుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాయపూర్ రైలెక్కి వచ్చిన మనవాళ్లు వీళ్లలో తక్కువేం కాదు. అదృష్టం కలిసొచ్చి పర్మనెంట్ అయినవాళ్లు సెక్టార్లలో క్వార్టర్ తెచ్చుకున్నారు. కానివాళ్లు ఠేకాదారు (కాంట్రాక్టరు) కింద పనిచేస్తూ బస్తీల్లోనే ఉండిపోయారు. ఇద్దరూ చేసింది ఇనుము పనే. ఒకరికి ఇల్లు జీతంతో వచ్చింది, ఇంకొకరికి ఓటుతో వచ్చింది. 1984లో అర్జున్ సింగ్ ప్రభుత్వం, భిలాయ్ కూడా భాగంగా ఉన్న నాటి మధ్యప్రదేశ్ పట్టణాల్లో భూమిలేని పేదలకు వాళ్లుంటున్న జాగా మీదే పట్టా హక్కు ఇస్తూ చట్టం చేసింది. అది ఓట్ల కోసమేనని అప్పట్లో ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఓట్ల కోసమే కావచ్చు. ఆ కాగితం లేకపోతే ఎన్ని బస్తీల మీదికి బుల్డోజర్ వచ్చేదో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా.

ఠేకా కార్మికులకూ బతకగలిగే జీతం కావాలని 1990లో భిలాయ్ ప్రైవేటు ఫ్యాక్టరీల్లో ఉద్యమం లేవదీసిన శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున హడ్కో కాలనీ ఇంట్లో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది పోయారు. వాళ్లు అడిగింది ఉచిత ఇల్లు కాదు, ఇల్లు కట్టుకోగలిగే కూలి.

ఇప్పుడు సెక్టార్ల లోపల కూడా రోజులు మారాయి. 1980లలో 60 వేలు దాటిన పర్మనెంట్ ఉద్యోగులు ఇప్పుడు అందులో నాలుగో వంతుకు అటూ ఇటూ. ప్లాంటు పనిలో పెద్ద భాగం ఠేకా కార్మికుల చేతుల మీదుగానే సాగుతోంది. పాత క్వార్టర్లలో వానాకాలం వస్తే స్లాబు కారుతుంది. టార్‌ఫెల్టింగ్ ఎప్పుడు వేయిస్తారన్నది యూనియన్ సమావేశాల్లో ఏటా వినిపించే మాటే. 2000ల తొలి ఏళ్లలో వేల క్వార్టర్లను దీర్ఘకాలిక లీజుకు ఇచ్చారు. తీసుకున్నవాళ్లు డబ్బు కట్టారు గానీ రిజిస్ట్రేషన్ కోసం ఏళ్ల తరబడి తిరిగారు. లీజు దొరకని రిటైర్డ్ ఉద్యోగి క్వార్టర్ ఖాళీ చేయకపోతే పీనల్ రెంట్ పడుతుంది. దాన్ని గ్రాట్యుటీలోంచి మినహాయించుకోవచ్చని 2020 డిసెంబరులో ప్లాంటు యజమాని సెయిల్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై అయిదేళ్లు ఫర్నేస్ ముందు నిలబడినవాడు 60 ఏళ్లకు 'అనధికార నివాసి' అవుతాడు. పట్టాలకు అవతల పట్టాలేని బస్తీవాసికి సర్కారు పెట్టిన పేరు కూడా ఇంచుమించు అదే.

అయినా సెక్టార్ టీకొట్ల దగ్గర ఆవాస్ యోజన మాట వస్తే 'మా పన్ను డబ్బుతో పంచుతున్నారు' అనడం మామూలే. ఆ పన్ను లెక్క కూడా చూద్దాం. గృహరుణ వడ్డీ మీద పాత పన్ను విధానంలో ఏటా 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. పట్టణ ఆవాస్ యోజనలో వడ్డీ రాయితీ పథకం కింద ఏడాదికి 18 లక్షల ఆదాయం ఉన్న కుటుంబానికీ గరిష్ఠంగా 2 లక్షల 30 వేల దాకా సాయం అందింది, 2021 మార్చి దాకా. ఊళ్లో పూరిగుడిసె పడగొట్టి గోడ లేపుకునే కూలీకి ఇచ్చింది లక్షా 20 వేలు. ఎక్కువ అందుకున్నవాణ్ని ఎవరూ లబ్ధిదారు అని పిలవలేదు, గోడ మీద పథకం పేరు రాయించుకోమనలేదు, ఫొటో తీసి యాప్‌లో ఎక్కించలేదు.

సర్కారు సాయం బద్ధకం నేర్పుతుందనే వాదన ఉంది. ఆ లెక్కన అందరికన్నా బద్ధకస్తులు కావాల్సింది భిలాయ్ సెక్టార్లవాళ్లు. ఇల్లు, వైద్యం, చదువు అన్నీ చేతికి అందిన ఆ తరం రైల్వేకి పట్టాలు పోసింది, పిల్లల్ని ఐఐటీలకు పంపింది. నిలకడైన నీడ దొరికితే మనిషి ఏం చేస్తాడో తెలుసుకోవాలంటే వేరే అధ్యయనం అక్కర్లేదు.

అలాగని ఇచ్చినదంతా మంచిదే అనడం లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎన్టీఆర్ పక్కా ఇళ్ల కాలం నుంచి ఇందిరమ్మ ఇళ్లు, డబుల్ బెడ్‌రూమ్, 2020లో పంచిన ఇళ్ల స్థలాల దాకా పేరు మారడమే ఎక్కువగా చూశాం. ప్రభుత్వం మారగానే సగం కట్టిన గోడలు సగంలోనే ఆగిన కాలనీలు అందరికీ తెలిసినవే. విశాఖ ఉక్కుకు భూములిచ్చి, నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం చూస్తూ వయసు మీరిపోయినవాళ్లు గాజువాకలో ఇప్పటికీ ఉన్నారు. పక్కనే ఉక్కునగరం పచ్చగా ఉంది. భిలాయ్ పరిస్థితి వీళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

భిలాయ్‌లో తక్షణం చేయగలిగింది ఒకటుంది. ఉద్యోగులు తగ్గినా క్వార్టర్లు తగ్గలేదు. వాటిలో బాగుచేయదగ్గవాటిని మరమ్మతు చేసి ఠేకా కార్మికుల కుటుంబాలకు తక్కువ అద్దెకు ఇవ్వాలి. ఖాళీ సర్కారీ ఇళ్లను వలస కార్మికులకు అద్దెకివ్వాలని కేంద్ర మంత్రివర్గం 2020 జూలైలోనే నిర్ణయించింది. పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలోనూ అద్దె ఇళ్లకు చోటుంది. కొత్త చట్టం అక్కర్లేదు, ఎన్నికల హామీ అంతకన్నా అక్కర్లేదు. సెయిల్ యాజమాన్యం, రాయపూర్ సచివాలయం ఒక బల్ల దగ్గర కూర్చుని ఖాళీ క్వార్టర్ల జాబితా బయటపెడితే పని మొదలవుతుంది.